నష్టానికి కారణం

ఏడో గడిలో అడిగారు:
ప్రమాదం ఎలా జరిగింది?
జవాబుకి రెండే గీతలు.

పర్లాకిమిడి బజారు, మంగళవారం, పదీ ఇరవై.
రెండో గేరులో ఉన్నాను.
గుమ్మ నుంచి దిగిన సుక్రా రైకా పికప్పు,
అనాసపళ్ల మీద కొండచీపుళ్ల కట్టలతో
నా ముందు ఆగింది.
నేను ఆగలేదు.

పెద్ద చప్పుడేం కాదు,
వంటింట్లో పళ్లెం జారినంత.
బంపరు మూల చిట్లింది, ఎడమ దీపం పగిలింది,
డజను అనాసలు రోడ్డున పడి
తలో దారీ చూసుకున్నాయి.

సుక్రా దిగి నా వంక చూడలేదు.
ముందు పళ్లు ఏరుకున్నాడు.
"బండికేటమ్మా, ఇనుము. పళ్లు నలిగితే సంతలో ఎవులు కొంతారు?"
మూడొందలిచ్చాను.
లెక్కపెట్టి యాభై తిరిగిచ్చాడు,
రెండు బాగానే ఉన్నాయట.
నలిగినవి నా వెనక సీట్లో పెట్టి, కొన్నవి కదా అన్నాడు.
వారం దాకా మా పాల సొసైటీ ఆఫీసంతా
అనాస వాసన.

మూడోనాడు బరంపురం నుంచి సర్వేయరు వచ్చాడు,
బిసోయి గారు, టేపూ ఫోనూ పట్టుకుని.
పాలసీలో పొట్నూరు సుగుణ, ఆర్సీలో పట్నూరు సుగున,
ఇద్దరూ నేనేనని ఒక కాగితం రాయించుకున్నాడు.
తరవాత గొంతు తగ్గించి,
"ఆవు అడ్డొచ్చిందని రాసేయండి.
అందరూ అదే రాస్తారు. ఆవు సాక్ష్యానికి రాదు."
నవ్వొచ్చింది.
ఈయన ఫైళ్లలో ఉన్నన్ని ఆవులు
మా సొసైటీ రిజిస్టర్లో లేవు.

ఆవు లేదండీ. బోర్డు ఉంది.
సాహుగారి బట్టల కొట్టు బోర్డు.
మొన్నటిదాకా మూడు వరసలు,
పైన ఒడియా, నడుమ ఇంగ్లీషు, అడుగున మనది.
కొత్త నీలం రంగు రెంటిని ఉంచి అడుగుదాన్ని మింగింది.
కానీ పాత ఎనామెల్ మందం.
పదింటి ఎండ ఏటవాలుగా పడితే
రంగు కింద అక్షరాలు ఉబ్బి కనిపిస్తాయి,
దుప్పటి కింద నిద్రపోతున్న పిల్లల మోకాళ్లలా.
జ చదివాను.
వ చదివాను.
ళి దగ్గర గుద్దాను.

సాహుగారి మీద కోపం లేదు.
నాతో తెలుగులోనే బేరమాడతాడు.
"పెయింటరు వరసకింత అంటున్నాడమ్మా,
అయినా అది చదివేదెవరు?" అన్నాడు.
నా బంపరు చూపించాను.

బిసోయి గారు కాగితం వెనక లెక్క వేశాడు.
ప్లాస్టిక్‌కి సగం తరుగు.
కంసాలి దగ్గర తప్ప ఈ మాట ఇంత ధీమాగా వినలేదు.
మొదటి వెయ్యి మీదే.
చేతికొచ్చేది నాలుగు వేల ఆరొందలు.
నాలుగేళ్లుగా ఏమీ అడగనందుకు ఇస్తున్న రాయితీ పోతుంది,
అది వచ్చే ఏడు మూడు వేల ఎనిమిదొందలు,
ఆ పై ఏడూ కొంత.
"ఊరుకుంటేనే లాభం మేడమ్."

తెలుసండీ.
మా వీధి మొత్తానికీ ఆ రాయితీ అందింది.
బళ్లో మా సెక్షను మూసినప్పుడు ఒకసారి,
గ్రంథాలయం బీరువాలు గోడౌనుకి పోయినప్పుడు ఒకసారి.
ఏమీ అడగలేదు. మంచి కస్టమర్లం.

ఏడో గడి నింపాను, తెలుగులో.
బోర్డు మీద చెరిపేసిన మాట చదువుతూ
ముందు బండిని చూడలేదు. తప్పు నాదే.
రెండు గీతలు చాలక అంచు మీదికి ఎక్కింది.

బిసోయి గారు కళ్లద్దాలు పైకి నెట్టి
వేలు పెట్టి కూడబలుక్కున్నాడు: చె... రి... పే...
"మా అమ్మ చదివేది," అన్నాడు.
కాసేపు పెన్ను తిప్పి,
"దీనికి కోడు లేదు మేడమ్,"
'ఇతరములు' మీద టిక్కు పెట్టాడు.

డబ్బు ఇంకా రాలేదు.
బంపరుకి నల్ల టేపు వేయించాను.
ఆ కొట్టు ముందుకొచ్చేసరికి ఇప్పటికీ
మొదటి గేరుకి దిగిపోతాను.
వెనక హారన్లు.
తిట్లు మాత్రం
రెండు భాషల్లోనూ వినిపిస్తాయి.