మోకాలి కింద చినుకు

మార్చి నుంచి ఇదే.
ఎడమ మోకాలి కింద ఎవరో చెంబుతో
చన్నీళ్లు సన్నగా వదులుతున్నట్టు.
వంగి తడిమితే తడి లేదు.
సాక్సు పొడి, చర్మం పొడి,
ఈ హల్ ఊళ్లో పొడిగా ఉన్నది అదొక్కటే.

రక్తం ఆరు చిన్న సీసాలు తీశారు.
నడుముకి ఎమ్మారై. ఆ గొట్టంలో, దడదడల మధ్య,
కదలకుండా పడుకుని చుక్కలు లెక్కపెట్టాను:
నూట పదకొండు.
రిపోర్టులో ఒక్కటీ లేదు.

"నార్మల్" అన్నాడు డాక్టర్ ప్రిచర్డ్
శుభవార్త చెప్పే గొంతుతో.
నాకు ఏడుపొచ్చింది.
టిష్యూ డబ్బా ఇటు జరిపి
ఇంట్లో ఏమైనా దిగులా అని అడిగాడు.
దిగులు మోకాలి కింద కారుతుందా అండీ?

చెల్లెలు హైమ ఫోన్లో దిష్టి అంది.
బేకరీలో నాతో పిండి కలిపే మోరీన్
ఈ వయసులో మామూలే అంది.
రాత్రి మూడింటికి నేను వెతికిన పేర్లన్నీ
పలకడానికే భయమేసేవి.
అయినా సరే, ఒక పేరు దొరికితే
దానితో కాపురం చేస్తాను.
పేరు లేనిదాన్ని ఏమని తిట్టను?

నిన్న ఆస్పత్రిలో పక్క కుర్చీ ముసలాయన,
ఒకప్పుడు ట్రాలర్ మీద చేపలు పట్టినవాడట,
అడక్కుండానే చెప్పాడు:
నాలుగేళ్లుగా నాలుక మీద ఇనుము రుచి.
"ఏమన్నారు?"
"నార్మల్."
ఇద్దరం ఎంత గట్టిగా నవ్వామంటే
రిసెప్షన్ అమ్మాయి తలెత్తి చూసింది.

బయట వాన.
బస్టాపులో గొడుగు కుడి పక్కకి వంచాను.
ఎడమ కాలికి
ఒక్క పూటైనా కారణం ఉండనీ.