బిహోగోకు మేత

బిహోగో చనిపోయి ఎనిమిదేళ్ళు.
అయినా ఈ పూటా దానికి మేత వేయాలి.

గడ్డి కాదు, గులాబి రంగు నీళ్ళు.
వెచ్చటి అల్మారాలో, అరచేయంత సీసాలో
నా ముదురెరుపు ఆవు, రంగు లేకుండా.

ఆ వానల్లో దాని చెవి నిండా పిడుదులు,
బలిసిన ఆముదపు గింజలు.
నాన్న ఒలిచి నిప్పుల్లో వేస్తే చిటపటమన్నాయి.
దిగాల్సింది అప్పటికే దిగింది.
చెవి కింద బిళ్ళ కట్టింది.

మందు సీసా ఖరీదు రెండు మేకలు.
అమ్మాడు. సూది పడింది.
జ్వరం ఒక్కరోజు తగ్గినట్టు నటించింది.
ఆరోనాడు ముక్కు నిండా నురగ.
పురుగు ఈ మందుకు అలవాటు పడిందన్నాడు డాక్టరు,
సంచి సర్దుకుంటూ.

బిళ్ళలోంచి తీసిన చుక్క ముందు నైరోబీ చేరింది,
ఉద్యోగం వెతుక్కుంటూ తర్వాత నేను.
ఫ్రీజరు పుస్తకంలో కనిపించింది:
కిరుహుర, ఆడది, ఎరుపు,
పక్కన మా నాన్న పేరు, ఒక అక్షరం తప్పు.

ఈ పురుగు తెల్లకణంలో కాపురం పెట్టి
దానికి చావు మరపిస్తుంది.
కణం రెండైతే తానూ రెండవుతుంది,
అన్నదమ్ముల పంపకంలో
వాటా అడిగే అద్దెవాడు.

పళ్ళెంలో తొంభై ఆరు గుంటలు.
ఒక్కోదాంట్లో కొంచెం బిహోగో,
కొంచెం పేరులేని మందు.
మూడు వందల పదకొండు మందులకు అది లొంగలేదు.
ఒకదాంట్లోనైతే ఒళ్ళు చేసింది.

మంగళవారం, నాలుగో వరుస, ఏడో గుంట.
పురుగు లేదు.
మర్నాటికి కణాలకు ఒక్కొక్కదానికే
మరిచిన పని గుర్తొచ్చింది.
ముడుచుకున్నాయి.

"మళ్ళీ చెయ్" అంది చెరూతో, నవ్వు ఆపుకుంటూ.
మళ్ళీ చేశాను. మూడుసార్లు చంపాను.

ఆదివారం ఫోన్లో నాన్న
పాల ధర చెప్పాడు, తెగిన కంచె చెప్పాడు,
చివర్లో ఎప్పటి ప్రశ్నే: "బిహోగో ఎలా ఉంది?"
మేస్తోంది అనేదాన్ని ఇన్నాళ్ళూ.
"ఒక గుంటలో పోయింది నాన్నా."

అటువైపు దూడ ఒకటి అరిచింది. చాలాసేపు అదొక్కటే.
"అయితే దీనికి ఎప్పటికి అందుతుంది?"

ఎలుకలు, తర్వాత ఆవులు, తర్వాత కాగితాలు,
ఆ తర్వాత కూడా
ఎన్ని మేకలకు ఒక సీసా అవుతుందో.
ఇవేవీ చెప్పలేదు.
"చెవులు చూస్తూ ఉండు" అన్నాను.

మిగిలిన సీసాలో నీళ్ళు పసుపు తిరిగాయి.
ఆకలన్నమాట.
చేతులు కడుక్కుని లేచాను.