మూత లోపలి రాత

షార్జా. అల్ నహ్దాల పంతొమ్మిదంతస్తుల మిద్దె మీద నేను.
ఆగస్టు నెల. పగలు పన్నెండున్నర దాటితే
ఎండల పని బంద్ అని రూలు.
ఏసీ చెడిపోయిన ఇంటోళ్లకు రూలు ఎర్క లేదు.

డిస్‌ప్లే మీద ఈ-ఆరు అని వస్తున్నది.
ఈ-ఆరు అంటే ఏందో బుక్కుల ఉంటదట,
బుక్కు ఆఫీసుల ఉంటదట,
ఆఫీసు తాళం ఫోర్‌మన్ జేబుల ఉంటది,
ఫోర్‌మన్ కోజికోడ్ వోయిండు, బిడ్డ పెండ్లికి.

మూత ఇప్పిన.
రేకు లోపలి దిక్కు
నల్ల మార్కర్ తోని, తెలుగుల:
"ఆగమైతే అడుగు."
కింద ఒక నంబరు.

నాలుగేండ్లయింది నేనొచ్చి.
చేత్తో రాసిన తెలుగు ఇక్కడ ఒక్కసారే చూసిన,
ఇంటికి వోతున్నోని అట్టపెట్టె మీద.
ఇగో ఇప్పుడు, కంప్రెసర్ పక్కన.
ఆ అక్షరాలను వేలుతోని ముట్టిన.
రేకు కాలింది. వేలు తీయలే.

నంబరుల చివరి అంకె సగం చెరిగింది.
ఒకటా, ఏడా?
ఏడు కొట్టిన.
ఎవరో ముసలాయన, అరబ్బీల హలో అన్నడు.
సలాం చెప్పి పెట్టేసిన.
ఆయనే మల్ల చేసి, వచ్చీరాని హిందీల
"ఎవరికన్న బాగలేదా" అని అడిగిండు.

ఒకటి కొట్టిన.
ఎత్తలేదు. మెసేజొచ్చింది:
"పేరు. పని. ఫస్ట్ ఏం కాలవెట్టినవ్?"

గేటు కాడ పాసు అడుగుతరు,
రోడ్డు మీద బతాకా అడుగుతరు,
బ్యాంకుల కంపెనీ కాయితం.
చేసిన తప్పు అడిగి లోపలికి రానిచ్చే తలుపును
నేనెన్నడు చూడలే.

వాటర్ ట్యాంకు నీడల కూసున్న.
రాసుడు, చెరిపేసుడు.
నా పెండ్లానికి సుత చెప్పని ముచ్చట అది.
ఆఖరికి పంపిన:
"ముత్తెన్న. ఏసీ హెల్పర్.
మొదటి నెలల వైరు తప్పు కలిపి
విల్లా బోర్డు కాలవెట్టిన.
మూడు నెలలు జీతం కోసిండ్రు.
ఇంట్ల మాత్రం జరమొచ్చిందని చెప్పిన."

అప్పుడు చేర్చుకున్నరు.
నూట డెబ్బై మంది. ముందుగాల నవ్వు బొమ్మలు,
కుప్పలు కుప్పలు.
ఫోన్ ఆఫ్ చేద్దామనుకున్న.
అంతలనే గొంతులు.

బహ్రెయిన్ నుంచి లింబాద్రి:
"నేనైతే సేటు ఇంట్ల ఫ్రిజ్జు. పండుగ పొద్దుగాల్ల."
సలాలా నుంచి పేరు చెప్పనాయన:
"లిఫ్టు. లోపల నేనే ఉన్న."
కువైట్‌ల వంట చేసే ఓబుళమ్మ:
"మేడం వైఫై డబ్బాని తడిగుడ్డతో తుడిస్తి నాయనా.
ఆ పొద్దు మొదులు నేర్చుకుంటాండా."

ఇగ అడుగు, అన్నరు.
బోర్డు ఫోటో వెట్టిన.
"కొత్త బోర్డు కొనాలంటరు, కొననియ్యకు" అన్నడు లింబాద్రి,
"సముద్రం గాలి అది. మూడో టెర్మినల్ చూడు,
రాగి పచ్చవడి ఉంటది."
చెయ్యి పెట్టబోయిన.
ఓబుళమ్మ గొంతు మల్ల మోగింది:
"ముందు మెయిన్ ఆపినావా లేదా అబ్బోడా?"

ఆపలేదు.

ఆపిన. చెయ్యి వణుకుడు తగ్గేదాక ఆగిన.
పచ్చగనే ఉండె. బ్లేడుతోని గీకి, బిగిచ్చి, మెయిన్ ఏసిన.
ఫ్యాను ముందు మూలిగింది, తర్వాత తిరిగింది.
కింద ఎవరింట్లనో చల్లగైంది.
వాళ్లెవరో నాకు తెల్వదు.

మూత మీద రాసింది ఎవరని రాత్రి అడిగిన.
ఎవ్వరు చెప్పలేకపోయిండ్రు.
అజ్మాన్ల ఒకనికి గీజరు వెనుక దొరికిందట,
మస్కట్‌ల ఒకనికి మీటరు డబ్బాల.
ఫోటోలు వెట్టిండ్రు. పక్కపక్కన పెట్టి చూసినం.
ఏ రెండు రాతలు ఒక్కతీరు లేవు.

తెల్లారి మల్ల మిద్దె ఎక్కిన,
మార్కర్ కొనుక్కొని, రెండు దిర్హాములు.
చివరి అంకెను దిద్దిన. ఒకటి. నిలువుగ, లావుగ.
ముసలాయన నిద్ర చెడొద్దు.
నా పేరు రాయలే.
మూత బిగిస్తుంటే
నాలుగు స్క్రూలల్ల ఒకటి దొరకలే.