కొనేటోడు లేని లెక్క

ఇరవై రెండేండ్లు తునికాకు కల్లంల కూసుండి
కట్టలు లెక్కబెట్టిన.
యాభై ఆకులకు ఒక కట్ట,
వంద కట్టలకు ఒక రేటు.
సిరొంచ సంతల ఏ వస్తువు చూసినా
నా నాలుక మీదికి ముందు ధర వచ్చేది,
తర్వాతనే దాని పేరు.

ఇప్పుడు ఫారెస్టోళ్లు ఇంకో రిజిస్టరు చేతికిచ్చిన్రు.
ప్రాణహిత ఒడ్డున మద్దిచెట్ల మీద
రాబందులు ఎన్ని వాలినయో రాయాలె.
గడుల పేర్లు మరాఠీల,
నా ఎక్కం తెలుగుల.
పొద్దున పదిహేడు.
మాపటికి పదకొండు.
ముసురు పట్టిన దినం సున్నా,
సున్నా పక్కన సంతకం.

"అవి ఎక్కువైతే నీకు ఎక్కువిస్తరా?"
చేటల బియ్యం చెరుగుకుంట అడిగింది లస్మక్క.
ఇయ్యరు.
ఒక్కటున్నా నూరున్నా కూలి అంతే.
బుధవారం పదిహేడు, గురువారం పదహారు.
ఆ ఒక్కటి ఎటు పోయిందోనని
ఏటి ఇసుకల రెండు కోసులు నడిచిన.
కల్లంల కట్ట తక్కువైందని
ఏనాడూ అట్ల నడవలె.

వడ్డీలకిచ్చేటోణ్ణి మనం రాబందు అంటం.
నేనూ అన్న, శానా ఏండ్లు.
తప్పు.
దినాలకొద్దీ చూసి చెప్తున్న.
పశువు పడిపోతే అది చెట్టు దిగదు వెంటనే.
మెడ చాపి, మళ్ల ముడుసుకొని,
నిజంగ పోయిందా అని
మనకన్న మర్యాదగ ఆగుతది.
తిన్నంక, రేపటికని ఒక్క బొక్కన్న
రెక్క కింద దాసుకోదు.
ఏట్లె మునిగి, రెక్కలు ఇప్పి,
ఎండకు ఆరబెట్టుకుంట నిలవడతది.
సంతకు పోయి ఉత్తచేతులతోటి మర్లి
అంత నిమ్మళంగ నిలవడ్డ మనిషిని
నేనింకా చూడలె.

మిరుగు ముందర మా బర్రెకు జరమొచ్చింది.
నేను ఒడ్డు మీద ఉన్న.
మందుల దుకాణం పిలగాడు గజానను వచ్చి
నొప్పులకని ఒక సూది పొడిచి పోయిండు.
తెల్లారి బర్రె పోయింది.
లస్మక్క సీసా తెచ్చి చూపెట్టింది.
ఫారెస్టోళ్లు బొమ్మ గీసి వద్దన్న సీసానే.
ఆ మందున్న మాంసం ముడితే
పిట్ట మెడ వాల్చి
కొమ్మ మీదనే ఆరిపోతది.

తోలు బేరగాడు పన్నెండు వందలు తీసిండు.
"తోలు నాది. మిగిలింది ఇసుకల ఏస్త,
నీ పిట్టలు తింటయి. నీకు పైసలు, పుణ్యం, రెండూ."
బండి కిస్తు పంతొమ్మిది వందల నలభై.
అందుల పన్నెండు వందలు పోతే
ఏడు వందల నలభై.
నేను వద్దన్నా లెక్క ఆగలె,
నోట్లె అదే నడిచింది.

పార తీసిన.
మోకాలు లోతు దాక మన్ను మెత్తన,
కింద అంతా మొరం.
పక్కింటి సిడాం దస్రు గడ్డపార పట్టుకొచ్చిండు,
ఎందుకని అడగలె.
మద్దిచెట్టు మీద వాళ్లు అప్పటికే వాలిన్రు.
మెడలన్నీ ఒక్కపారి ఇటు తిరిగినయి.
ఆకలి ఎట్లుంటదో నాకు ఎర్కే.
ఆకలిగొన్నోళ్ల కండ్ల ముంగట
అన్నం పాతిపెట్టుడు ఎట్లుంటదో
ఆనాడు ఎర్కైంది.
చెప్దామంటే వాటికి తెలుగు రాదు,
దస్రు మాడియా రాదు,
రిజిస్టరు మరాఠీ అసలే రాదు.

పొద్దుగూకినంక మన్ను కప్పినం.
నక్కలు తవ్వకుండ
లస్మక్క రేగుకంప తెచ్చి పరిచింది.
చేతికి ముల్లు దిగితే పండ్లతోటి పీక్కొని,
ఏటి దిక్కు చూసి,
"ఎన్నున్నయి?" అన్నది.
ఎన్నడూ అడగంది.

తొమ్మిది అని రాసిన.
కడమ గడిల "ఆకలితోటి" అని తెలుగుల రాసి,
కొట్టేసి,
మళ్ల రాసిన.