పెన్సిల్ సున్నాలు

డులూత్‌లో మార్చి అంటే సరస్సు ఇంకా గడ్డే.
ఆసుపత్రి లాండ్రీలో, రాత్రి రెండింటికి,
దుప్పట్ల బండి బోర్లించి బల్ల చేసుకుని
ఎనిమిది మందిమి ఆటగాళ్లను పంచుకున్నాం,
తలకి పదిహేను మంది చొప్పున.
పందెం డబ్బు కాదు.
ఆఖరున మిగిలినవాళ్లు చలికాలమంతా
అందరికీ కాఫీ పొయ్యాలి.

లెక్క మార్వెల్ స్టెనెరూడ్‌ది. చెవి వెనక పెన్సిలు,
ముప్పై ఏళ్లుగా ఇస్త్రీ ఆవిరి తాగిన గొంతు.
హిట్‌కి ఒకటి. హోమ్‌రన్‌కి నాలుగు. పిచర్ గెలిస్తే ఐదు.
నాలుగు చెడ్డ బంతులు వదిలేసి
ఫస్ట్ బేస్‌కి ఊరికే నడిచిపోతే ఏమీ లేదు.
"ఊరికే వచ్చింది లెక్కెయ్యను."
ఇంకొకటి:
"మార్చిలో పట్టిన చెయ్యి సెప్టెంబరుదాకా వదలకూడదు.
విరిగినా మనవాడే.
ఇదేం చెప్పుల కొట్టా, కరుస్తున్నాయని మార్చుకోడానికి?"

ఏప్రిల్లో నేను రెండో స్థానం.
ఎవరికీ పట్టని ఫెర్మిన్ ఒకాసియో
వారంలో మూడు హోమ్‌రన్లు కొట్టాడు.
నా నడకే మారిపోయిందని మై యెర్ నవ్వింది.

మే పదకొండున బొహానన్ మోకాలు పోయింది.
నా క్యాచర్. నాకున్న ఒకే ఒక్క క్యాచర్.
జూన్‌లో విట్‌కాంబ్ మోచెయ్యి.
తర్వాత ఎవరిదో తొడ కండరం, ఎవరిదో బొటనవేలు,
ఒకడైతే హోటల్ స్నానాలగదిలో జారాడు.
ఆగస్టుకి పదిహేనుమందిలో తొమ్మండుగురు నిలబడ్డారు,
అందులో ఇద్దరు గుడ్డిలో మెల్ల.

రోజూ వేకువన మార్వెల్ నోటుబుక్కు తెరిచేది.
బొహానన్ గడిలో సున్నా. మర్నాడు సున్నా.
తొందరపడి గీకిన సున్నా కాదు,
మొదలుపెట్టిన చోటికే తెచ్చి కలిపిన సున్నా.
"ఎందుకంత శ్రమ, గీత పెట్టెయ్యొచ్చుగా?" అన్నాను.
అద్దాల మీదుగా చూసింది.
"గీత పెడితే మనిషి లేడని.
సున్నా అంటే ఉన్నాడు,
ఈ రాత్రికి ఏమీ రాలేదు, అంతే."

అదే ఆగస్టులో తడి గుడ్డల మూట ఎత్తుతూ
తోయివో నడుం పట్టేసింది.
పెద్ద యంత్రం అతనిది. ఇరవై రెండేళ్లు.
పైనుంచి ఎవర్నీ పంపలేదు.
మేమే వంతులేసుకుని తిప్పాం,
అరచేతులు నానిపోయి తెల్లగా ముడతలు పడేవి.
గోడ మీది డ్యూటీ కాగితంలో ఆఫీసువాళ్లు
అతని పేరుకెదురుగా ఎర్ర సిరాతో గీత కొట్టారు.
రెండు రోజుల తర్వాత చూస్తే
గీత పక్కన చిన్న సున్నా, పెన్సిల్‌తో.
ఎవరు వేశారని ఎవరూ అడగలేదు.
రాత్రి పదకొండింటికి తోయివో ఫోన్ చేసేవాడు,
మంచం మీంచే, తన పిచర్లను బండబూతులు తిట్టడానికి.

సీజన్ ఆఖరి ఆదివారం. మార్వెల్ వంటింట్లో
ఆపిల్ ముక్కలు కోస్తూ రేడియో విన్నాం.
ఏడో స్థానానికి నాకింక రెండు పాయింట్లు కావాలి.
తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఎవరి పేరో చదివారు.
మార్వెల్ కత్తి ఆగింది.
బొహానన్.
నాలుగున్నర నెలల తర్వాత, ఆ మోకాలితో.
ఒక బంతి వదిలాడు. రెండోది వదిలాడు.
మూడోది ఫౌల్, తర్వాత ఇంకో ఫౌల్,
నాకు ఊపిరి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.
ఇంకా రెండు వదిలాడు.
నాలుగు చెడ్డ బంతులు. నడిచాడు.
కుంటుతున్నాడని రేడియో మనిషి అన్నాడు.
ఫస్ట్ బేస్ మీద నిలబడ్డాడట, టోపీ సర్దుకున్నాడట.
తర్వాతివాడు ఔటయ్యాడు.

మార్వెల్ చేతులు తుడుచుకుని నోటుబుక్కు తీసింది.
పెన్సిలు కాగితం మీద ఆనింది, కదల్లేదు.
"నియమం నీదే కదా" అన్నాను.
"నాదే" అంది.
సున్నా వేసింది.

నేను ఎనిమిదో స్థానం. రేపట్నుంచి కాఫీ నాది.
తోయివో వచ్చే సోమవారం వస్తాడట,
బరువులెత్తకూడదట, ఊరికే కూర్చుని మడతలు పెడతాడట.
అతనికి మూడు చెంచాల చక్కెర.
కొసరు ఇంకొక అర.