ఎంతసేపు

రాజమండ్రి బ్లడ్ బ్యాంకులో నా డ్యూటీ,
తణుకు స్పిన్నింగు మిల్లులో ఆయనది.
గోదావరికి అటొకటి, ఇటొకటి మా టిఫిన్ బాక్సులు.
జూన్ వస్తే పిల్ల ఒకటో తరగతి.

పాలలెక్క పుస్తకం వెనక పేజీల్లో
స్కేలు పెట్టి గీతలు కొట్టి ఊళ్ళు రాశాను.
బస్సు, రైలు, అద్దె, బడి.
ఏ గడిలో చూసినా ఒకటే ప్రశ్న: ఎంతసేపు?

కొవ్వూరైతే నేను వంతెన దాటితే చాలు,
ఆయన మాత్రం కోడి కంటే ముందు లేవాలి.
తణుకైతే మధ్యాహ్నం ఇంటికొచ్చి వేడన్నం తింటాడు,
నేను రాత్రి వచ్చేసరికి
గుమ్మంలో పిల్ల చెప్పులు మాత్రం మెలకువగా ఉంటాయి.
రావులపాలెం బాగానే ఉంది గానీ
హైవే పక్కన బడి.
అరటిగెలల లారీ రివర్సు తీస్తుంటే
పంతులుగారి మాట సగం వినపడలేదు.
మండపేటలో మంచి బడులున్నాయని అందరూ అన్నారు.
ఆయన రెండు బస్సులు మారాలి.
"మారతాలే" అన్నాడు.
ఆ 'లే' నాకు తెలుసు.
కొట్టేశాను.

ఒక బడిలో అడుగుపెట్టగానే ఏసీ.
గోడ నిండా ర్యాంకులు, ర్యాంకుల పక్కన ముఖాలు,
ఒక్క ముఖమూ నవ్వడం లేదు.
"నీ పేరేంటమ్మా?"
"మం... మం..."
"మంజులా? వెరీగుడ్."
ఫారం మీద మంజుల అని రాసేసింది ఆవిడ.
పిల్ల నా వైపు చూసింది.
ఇంకో బడిలో మంగ అయింది.
ఇంకోచోట ఆయనే తొందరపడి
"మందాకిని అండీ" అనేశాడు.
బయటికొచ్చి బండి తాళం కోసం
అన్ని జేబులూ రెండుసార్లు వెతుక్కున్నాడు.
తాళం బండికే ఉంది.

నిడదవోలు నా పట్టీలో అట్టడుగున.
జంక్షన్ కదా అని రాశాను, అంతే.
నాకు ఇటు బండి, ఆయనకి అటు బండి.
మేం వెళ్ళిన పొద్దున గేటు పడింది.
గూడ్సు.
బొగ్గు పెట్టెలు లెక్కపెడుతూ పిల్ల యాభై దాటింది,
ఒక్క అంకె దగ్గరా తడబడలేదు.
దానికి మాట ఆగేది
ఎదుటివాళ్ళు గడియారం చూసినప్పుడే.

ఎయిడెడ్ బడి. పెంకులు తీసి రేకులేశారు.
కుళాయి దగ్గర కంచాల చప్పుడు.
హెడ్‌మిస్ట్రెస్ సువార్తమ్మగారు
చిరిగిన హాజరుపట్టీకి బంక రాస్తున్నారు.
"పేరు?"
"మం..."
ఆవిడ తలెత్తారు.
"మం... మం..."
ఆయన నోరు తెరిచాడు. నేను కాలు తొక్కాను.
కిటికీ అవతల నరసాపురం బండి వచ్చింది,
ఆగింది,
ఎక్కేవాళ్ళు ఎక్కారు, కదిలింది.
సువార్తమ్మగారి వేలిమీద బంక ఆరిపోతోంది.
ఆవిడ వేలు చూసుకోలేదు,
సాయం చేసే నవ్వొకటి నవ్వలేదు,
అన్నం ఉడికేదాకా పొయ్యి దగ్గర కూర్చున్నట్టు
ఊరికే కూర్చున్నారు.
"మందాకిని."
"ఆయ్. ఇంటిపేరుతో చెప్పమ్మా."
మళ్ళీ మొదలు.

తిరుగు ప్రయాణంలో ఆయన వేళ్ళమీద లెక్కేశాడు.
సీజను టిక్కెట్లు రెండు.
తనకి అరగంట, నాకు ముప్పావుగంట.
అందులో వంతెన మీద ఆ నాలుగు నిమిషాలు
ఫోనులో ఎవరి మాటా వినపడదు,
అవి నావి.
కాలవ వైపు రెండు గదులు,
వానాకాలం మెట్టుదాకా నీళ్ళొస్తాయని ఓనరే చెప్పాడు.
ఆ బడిలో ఇంగ్లీషు కాస్త వెనకే,
కంప్యూటర్లకి గుడ్డ కప్పి ఉంది.
అన్నీ రాశాను, ఏదీ దాచలేదు.
బడి అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.
ఎంతసేపు?
నరసాపురం బండి వచ్చి వెళ్ళేంతసేపు,
అని రాశాను.

నెలాఖరున పాలుపోసే ముసలయ్య
పుస్తకం తిరగేసి
కళ్ళజోడు సర్దుకుని అడిగాడు:
"ఇదేం లెక్కమ్మా?"
ఒకటో తారీఖు నించి
పాలు ఆపెయ్యి ముసలయ్యా, అన్నాను.