టోపీ పెట్టుకున్న గింజ

ధర్మవరం రోడ్డు నర్సరీలో
రేంజరు సారు జేబులోంచి తీసినాడు
పదకొండు గింజలు.
ఒక్కోదానికీ చిన్న టోపీ.

"సముద్రాల అవతలి చెట్టు, లాలెమ్మా.
ఓక్ అంటారు. రోడ్డుకు నీడనిస్తుంది.
వానలేని ఎండాకాలం దానికి అలవాటే."

వానలేని వానాకాలం అలవాటుందా సారూ
అని అడగబోయి
బిందె ఎత్తుకున్నా.

చెనిగ్గింజ విత్తినట్టే
రెండు వేళ్ళ లోతున పెట్టినా.
పది కుళ్ళినాయి.
ఒకటి లేచింది, ఎవరిమీదో అలిగినట్టు:
ఆకు అంచున ముళ్ళు, ఆకు కింద బూడిద.
మేక ఒకటి మూతి పెట్టి, తుమ్మి,
కానుగ మొక్కల దిక్కు పోయింది.

సారు కడపకు బదిలీ.
రేకు మీద రాసిన పేరు ఎండకు వెలిసిపోయింది.
మస్టరు పుస్తకంలో దాని పేరు లేదు,
పోయిన నెల నాదీ లేదు.
ఇద్దరమూ నీళ్ళ దగ్గరే ఉన్నాం.

కొత్త సారు కాలితో చూపించి అడిగె:
"ఇది నీడ ఎప్పుడిస్తుంది?"
"మీ పింఛనుకు గాదు సారూ. నా కాటికీ గాదు."

నాలుగేండ్లకు నా నడుము దాకా వచ్చింది.
పొద్దు వాలినాక
సంగటి గిన్నె దాని పక్కన పెడతా.
గిన్నె పట్టేంత నీడ.
ముద్ద కోసం చెయ్యి చాపితే
మణికట్టు దాకా చల్లన.